బట్టకు అంటని పసుపు

పసుపు పని చేసే ఇళ్లలో కామెర్లు కంటికి కనిపించవు. ఈ ఒక్క మాట చెప్పడానికే రాయడం మొదలుపెట్టాను. మిగతాదంతా నా గుండె దడ తగ్గడానికి రాసుకుంటున్నది. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. కుట్ల గీత తెల్లబడింది. జొన్న రొట్టె తింటున్నాను, చేనుకు పోతున్నాను, అందరితో ఎప్పటిలాగే జగడమాడుతున్నాను. అయినా ఆ ఉదయం గుర్తుకొస్తే ఇప్పటికీ చేస్తున్న పని ఆపి అద్దంలో కళ్లు చూసుకుంటాను.

మాది ఆర్మూర్ పక్క పల్లె. పసుపు, మక్క పండిస్తాం. నా భర్త మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో మామ, అత్త, మరిది భూమేశ్, నేను, నా పిల్లలిద్దరు. మా అత్త పేరు గంగవ్వ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా ఇద్దరికీ పడదని అనను గాని, ఒకే పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేం.

తొంభై ఐదు, ఫిబ్రవరి

తవ్వకాలు అయిపోయి, పసుపు ఉడకబెట్టే కడాయిలు పొయ్యెక్కిన రోజులు. ఆ నెలల్లో మా వైపు మనుషుల్ని కొత్తవాళ్లు చూస్తే భయపడాలి. గోళ్లు, అరికాళ్లు, చెమట తుడుచుకున్న కొంగు, చివరికి తలగడ గలేబు కూడా పచ్చనే. చంటిపిల్లల బుగ్గలకు ఎత్తుకున్నవాళ్ల వేళ్ల గుర్తులుంటాయి. ఎవరికీ అది వింతగా తోచదు.

అప్పుడే నాకు కుడివైపు డొక్క కింద నొప్పి మొదలైంది. అన్నం తిన్న కాసేపటికి వచ్చేది. వీపులోకి పాకి, భుజం దాకా ఎక్కేది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. ఒళ్లంతా ఒకటే దురద. పసుపు దుమ్ము అన్నాం. మూత్రం ముదురు రంగులో వస్తోంది. ఎండలో నీళ్లు సరిగా తాగక అన్నాం. “అమ్మా, నీ కండ్లు పచ్చగున్నయ్” అని మా చిన్నది అంటే, “పొయ్యి కాడ నిలవడి సూడు, నీయి గూడ గట్లనే అయితయ్” అని కసిరాను. ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది, ఆ జవాబు పసుపే.

ఆర్మూర్‌లో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నా అరచేతులు చూసి నవ్వాడు. “గీ సీజన్ల రంగు జూసి మందులిస్తె ఊరంత నా మంచాల మీదనే పండాలమ్మా” అన్నాడు. నేనూ నవ్వాను. గ్యాస్ బిళ్లలు తెచ్చుకుని మళ్లీ కల్లంలోకి పోయాను.

మార్చి మొదట్లో

ఒక మధ్యాహ్నం ఆరబోసిన పసుపు తిరగేస్తూ ఉన్నదాన్ని ఉన్నట్టే కూలబడ్డాను. ఊపిరి తీసుకుంటే డొక్కలో కత్తి దిగినట్టుంది. భూమేశ్ జీపు మాట్లాడి నిజామాబాద్ తీసుకుపోయాడు. స్కాను తీశారు. కోడిని కోసేటప్పుడు కార్జం పక్కన పచ్చటి చేదు తిత్తి ఉంటుంది చూడండి, మనకూ అట్లాంటిది ఉంటుందట. నా దాంట్లో రాళ్లున్నాయట. తిత్తి మొత్తం తీసేయాలన్నారు.

ఆ మాట వినగానే మా అమ్మ గుర్తొచ్చింది. నేను బడికి పోయే వయసులో ఆమెకు పెద్ద దవాఖానలో కడుపు కోశారు. ఏ రోగమో మాకెవరూ చెప్పలేదు. బాగైతదని పంపించాం, బట్ట కప్పి తెచ్చారు. అప్పటి నుంచి కడుపు కోయడమంటే నాకు చావే. అందుకే డాక్టరు ముందే చెప్పేశాను, చచ్చినా కోయించుకోనని.

ఆయన విసుక్కోలేదు. హైదరాబాద్‌లో ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చిందని, నాలుగు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూసుకుంటూ తిత్తి తీసేస్తారని చెప్పాడు. రెండు మూడు రోజుల్లో ఇంటికొచ్చేయొచ్చన్నాడు. నేను బిత్తరపోయి విన్నాను. మా అత్త మాత్రం నమ్మలేదు.

“కడుపుల రాళ్లు టీవీల కనవడుడేంది? మందు తింటె కరుగుతయ్ గని హైదరాబాద్ ఎందుకు?” అంది.

కల్లంలో పసుపు పరిచి ఉంది. పాలిష్ కాలేదు. కూలోళ్లు దొరకని రోజులు. ఆమె బాధ ఆమెది. నేను మంచం మీద, పొయ్యి దగ్గరా చేనులోనూ ఆమె ఒక్కతే. పక్కింటివాళ్ల ఫోనుకు మస్కట్ నుంచి నా భర్త చేశాడు. “రంధ్రాలంటె చేపియ్యుండ్రి. కోతలు గీతలు మాత్రం నేను లేనప్పుడు వద్దు” అన్నాడు. ఆ ఒక్క మాటలో మేమిద్దరం ఒకటే.

మా ఇంట్లో ఒట్టు పెట్టాలంటే దేవుడి పటం దగ్గరికి పోరు. పసుపు కుప్ప మీద చెయ్యి పెడతారు. ఇంటిల్లిపాది ఏడాది కష్టం అది. దాని మీద పెట్టిన మాట తప్పితే ఆ ఇంటిని పసుపు ఒల్లదని నమ్మకం. బయలుదేరే ముందురోజు అత్తను కల్లంలోకి పిలిచాను.

“అత్తా, రంధ్రాలతోని అయితెనే కానియ్యి. కోస్తమంటె వద్దను. ఎట్లున్నదాన్ని గట్ల ఇంటికి తోల్కరా. కుప్ప మీద చెయ్యి వెట్టు.”

“నీకేమన్న పిచ్చి లేశిందా సుగుణా? గదేం ఒట్టు?”

“వెడ్తవా, వెట్టవా? వెట్టకుంటె నేను బస్సెక్క.”

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. తర్వాత వంగి చెయ్యి పెట్టింది. “వెట్టిన తియ్. వద్దంట” అంది. నాకు ధైర్యం వచ్చింది. నేను అడిగినదేమిటో అప్పుడు నాకు తెలియదు.

మార్చి చివర, హైదరాబాద్

ఆ దవాఖానలో కూర్చునే బెంచీలు గోడ పొడవునా ఉండేవి. ముందు వరుస కదిలితే మేం జరగాలి. మా సంచులు, మా గిన్నెలు, మా యాస చూసి జనం తిరిగి చూసేవాళ్లు. అత్త అందరినీ పలకరించి, ఎవరి కడుపులో ఏముందో తెలుసుకుని వచ్చి నాకు చెప్పేది. వద్దన్నా ఆగేది కాదు.

సర్జన్ నలభై ఏళ్లవాడు, మెల్లగా మాట్లాడతాడు. మొదటి రోజే అడిగాడు, “ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అమ్మా? కళ్లు పచ్చబడ్డాయా?”

నేను కాస్త గొప్పగానే చెప్పాను. “సార్, మేం పసుపోళ్లం. ఏడాదిల మూడు నెల్లు మేమంత పచ్చగనే ఉంటం.”

గదిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. రక్తం రిపోర్టు కొంచెం అటూ ఇటూగా ఉందన్నారు గాని, రాళ్లున్నప్పుడు అట్లా ఉండొచ్చులే అన్నారు. తేదీ ఇచ్చారు.

ఆపరేషన్ పొద్దున అత్త నాకు స్నానం చేయించింది. ఇంటి నుంచి మూటగట్టి తెచ్చిన పసుపు తడిపి, మొహానికి, మెడకు, చేతులకు, పాదాలకు మందంగా పూసింది. అంత ఎందుకంటే, “ముత్తయిదువవు. ఉత్త మొకంతోని కత్తి కిందికి పోతవా?” అంది. బొట్టు పెట్టింది. అది వంకర పోతే తుడిచి మళ్లీ పెట్టింది. నేను చూడనట్టు ఉన్నాను.

కాసేపటికి సిస్టర్ వచ్చి నన్ను చూసి తల పట్టుకుంది. “ఇదంతా తుడవాలి పెద్దమ్మా, మత్తు డాక్టరు ఒప్పుకోడు” అని తడిబట్ట తెచ్చింది. అత్త సణుగుతూ పక్కకు జరిగింది. సిస్టర్ మొహం తుడిచింది. బట్ట పచ్చగా అయింది. బేసిన్‌లో పిండి మళ్లీ తుడిచింది. మళ్లీ పచ్చ. ఇంకో బట్ట తెచ్చి, స్పిరిట్ వేసి నుదురు, మెడ, మోచేతి మడత రుద్దింది. ఈసారి బట్ట తెల్లగా వచ్చింది.

ఆమె ఆగింది. బట్ట చూసింది. నన్ను చూసింది. మళ్లీ నా ఛాతీ మీద గట్టిగా రుద్ది బట్ట చూసింది. తెల్లగానే ఉంది. నా ఒళ్లు మాత్రం పచ్చగానే ఉంది.

“జర ఇటు తిరుగక్కా” అని నన్ను కిటికీ వైపు తిప్పి, కింది కనురెప్ప లాగి చూసింది. గబగబా బయటికి పోయింది. నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సర్జన్ వచ్చాడు. ఆయన కూడా కనురెప్ప లాగి చూశాడు.

“పసుపు పని మానేసి ఎన్నాళ్లయింది?”

“నొప్పి ముదిరిన కాడికెల్లి ముడుతలేను సార్. మూడు వారాలైతుంది.”

“కంట్లో పసుపు పడితే ఎన్నాళ్లుంటుంది?”

“కంట్లనా? కంట్ల వడితె మండుతది సార్. నీళ్లు కొట్టుకుంటె అప్పుడే పోతది.”

“మరి ఇది?” అన్నాడు.

 పుట్టినప్పటి నుంచి పసుపులో బతికినదాన్ని. ఏ పచ్చ కడిగితే పోతుందో, ఏది పోదో నాకు తెలుసు. ఆ సంగతి నా కంటి విషయంలో నాకే తట్టలేదు. మా చిన్నది చెప్పింది, దాన్ని కసిరాను. డాక్టరు అడిగాడు, నవ్వించి పంపించాను. దురద, మూత్రం రంగు, అన్నీ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడ్డాయి. అవి కామెర్లు. నెలకు పైగా నా ఒంట్లోనే ఉన్నాయి.

సర్జన్ మంచం అంచున కూర్చుని చెప్పాడు. కార్జం నుంచి పేగుకు పసరు పోయే గొట్టం ఒకటుందట. తిత్తిలో రాయి ఒకటి జారి అందులో ఇరుక్కుందేమోనని ఆయన అనుమానం. స్కానులో ఆ గొట్టం అడుగు సరిగా కనిపించదట. “రంధ్రాలతోనే మొదలుపెడతాను. మధ్యలో ఆ గొట్టంలోకి రంగుమందు ఎక్కించి, బల్ల మీదే ఎక్స్‌రే తీస్తాను. గొట్టం ఖాళీగా ఉంటే అంతే, ముగించేస్తాను.”

“రాయి ఉంటె?”

“కోసి తీయాల్సి వస్తుంది. అట్లాగే వదిలేస్తే గొట్టం చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు బయటికొచ్చి మీవాళ్లను అడుగుతాను.”

నేను అత్త వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది.

“ఒట్టు యాదికుందా?” అన్నాను.

తలూపింది. స్ట్రెచర్ వచ్చింది.

అదే రోజు

మెలకువ వచ్చాక ముందు నా చెయ్యి పొట్ట మీదికి పోయింది. చిన్న చిన్న పట్టీలు ఉంటాయని చెప్పారు కదా, వాటిని వెతికింది. డొక్క కింద జానెడు పొడుగు కట్టు తగిలింది. పక్క నుంచి ఒక సన్నటి గొట్టం బయటికొచ్చి మంచానికి కట్టిన సంచిలోకి పోతోంది. సంచిలో పసరు రంగు నీళ్లు. అది నాలోంచి వస్తోందని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

బతికున్నానని సంతోషం వేయాలి. నిజం చెబుతున్నాను, వేయలేదు. కోపం వచ్చింది. కప్పిన బట్ట తీసినప్పుడు మా అమ్మ కడుపు మీద కట్టు కూడా ఇక్కడే కనిపించింది.

అత్త నా పెదాలకు తడి బట్ట అద్దుతోంది.

“కోసిండ్రా?”

“కోసిండ్రు బిడ్డా.”

“నువ్వు వద్దనలే?”

“అనలే.”

మొహం తిప్పుకున్నాను.

బయట ఏం జరిగిందో భూమేశ్ తర్వాత చెప్పాడు. సర్జన్ చేతిలో తడి ఆరని ఫిల్ము పట్టుకుని బయటికొచ్చాడట. కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడట. గొట్టం నిండా రంగుమందు తెల్లగా పారుతోందట, అడుగున మాత్రం గుండ్రంగా నల్లటి మచ్చ. దాని కిందికి చుక్క దిగడం లేదట. కోయాలి, త్వరగా చెప్పండి అన్నాడట.

“నేనేమన్ననంటె, అన్నను అడగకుంట ఎట్ల సార్ అన్న” అన్నాడు భూమేశ్. “ఫోను బూతుకు ఉరికిన. మస్కట్ లైను కలుస్తలేదు. మళ్ల జేస్తె మళ్ల కలుస్తలేదు. ఉరికొచ్చి అమ్మకు జెప్పిన, వద్దందాం, వదినె ఒట్టు వెట్టిచ్చుకున్నది గద అని. అమ్మ నా దిక్కు గూడ సూడలే వదినె. గా ఫిల్మునే సూస్తున్నది. తూముల రాయి వడ్డది సారూ, నీళ్లెట్ల పోతయ్, తియ్యుండ్రి అని వేలుముద్ర ఏశింది.”

అంతా విన్నాను. కోపం తగ్గలేదు. ఒట్టు పెట్టించుకున్నది నేను, ఒప్పుకున్నది ఆమె, కోత పడ్డది నాకు. నా ఆలోచన అంతకు మించి పోలేదు.

ఏప్రిల్

రెండు మూడు రోజుల్లో ఇల్లు చేరాల్సినదాన్ని వారాలు వార్డులో ఉన్నాను. అత్తతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆమె మాత్రం నన్ను లేపి నడిపించేది. నేను అడుగేస్తే ఆమె నా పసరు సంచి పట్టుకుని పక్కన నడిచేది, పసుపు కొనే అడ్తి దుకాణానికి నమూనా పట్టుకుపోతున్నంత జాగ్రత్తగా. దగ్గు వస్తే కట్టు మీద తలగడ ఆనించి పట్టుకునేది. అన్నం ఎక్కడ తినేదో, ఎప్పుడు పడుకునేదో తెలియదు. నేను అడగలేదు.

ఆ సిస్టర్ డ్యూటీ లేనప్పుడు కూడా ఒకసారి వచ్చి చూసిపోయేది. పసుపు పట్టిన నా గోళ్లు కత్తిరించి, “ఇవి కొత్తవి వస్తాయిలే అక్కా” అంది. ఆమె ఆ రోజు రెండో బట్ట తేకుండా ఊరుకుని ఉంటే ఏమయ్యేదో అని అప్పటికి నేను ఆలోచించనే లేదు.

ఒకటి మాత్రం గమనించాను. అత్త పాదాలు తెల్లబారి ఉన్నాయి. పగుళ్లలో కూడా పసుపు లేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె పాదాలను అట్లా చూడలేదు. పట్నంలో సరిగా స్నానానికి చోటు లేక అనుకున్నాను.

గొట్టం తీసే ముందు ఇంకో ఫోటో తీయాలన్నారు. ఈసారి మత్తు లేదు. బల్ల మీద పడుకోబెట్టి, పొట్టలోంచి వచ్చిన గొట్టంలోకే మెల్లగా రంగుమందు ఎక్కించారు. లోపల చల్లగా ఏదో పాకినట్టయింది. పక్కన టీవీ ఉంది. సర్జన్ తల అటు తిప్పమన్నాడు.

నా లోపలిది నేను చూశాను. చిన్న చిన్న కొమ్మలు పైకి విచ్చుకుంటూ కనిపించాయి. అవన్నీ కలిసి ఒక కాలువై కిందికి దిగింది. ఆగలేదు. పేగులోకి జారి చెదిరిపోయింది. ఊపిరి పీల్చడం మర్చిపోయానేమో, ఆయన నవ్వి, “గాలి పీల్చండమ్మా, అంతా బాగుంది” అన్నాడు.

తర్వాత నేనడగకుండానే పాత ఫిల్ము తెప్పించి వెలుగుకు పెట్టాడు. అత్త కిటికీలో చూసింది అదే. కాలువ అడుగున మక్క గింజంత మచ్చ. దాని కింద ఏమీ లేదు, నల్లటి చీకటి.

“ఆ ఫోటో తీయకపోతే తిత్తి తీసేసి, రంధ్రాలు మూసి పంపించేవాణ్ని” అన్నాడు. “నవ్వుకుంటూ ఇంటికి పోయేవారు. మళ్లీ వచ్చేసరికి నా చేతుల్లో ఏమీ ఉండకపోయేది.”

  నవ్వుకుంటూ ఇంటికి పోవడమే కదా నేను కోరుకున్నది. దానికే కదా కుప్ప మీద చెయ్యి పెట్టించింది. ఆమె ఒట్టు నిలబెట్టుకుని ఉంటే నా పిల్లలు నన్ను ఎట్లా చూసేవాళ్లో నాకు బాగా తెలుసు. నేను మా అమ్మను చూసినట్టే.

బయట బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. “ఏమన్నడు?” అంది.

“పారుతున్నదట” అన్నాను.  ఆమె సంచి అందుకుంది.

మే

ఇల్లు చేరేసరికి కల్లం ఊడ్చి ఉంది. మామ, భూమేశ్ కలిసి పసుపు పాలిష్ చేయించి అమ్మేశారు. ఇంటికి వాడుకునే కాస్త మాత్రం మూలన గోనెలో ఉంది. నా భర్త ఫోను చేసి అందరినీ కోప్పడి, చివర్లో ఏడ్చాడు.

ఒక శుక్రవారం తలస్నానం చేసి, చాలా రోజుల తర్వాత నేనే పసుపు తడిపాను. గిన్నె అత్త ముందు పెట్టాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

“నాకొద్దు. నువ్వు రాసుకో.”

“ఎందుకొద్దు?”

ఆమె గిన్నె అవతలికి నెట్టింది. అరుగు మీద కూర్చున్న మా మామ చెప్పాడు. “హైదరాబాద్‌ల వేలుముద్ర ఏశిన కాడికెల్లి ముట్టలే. కుప్ప మీద ఒట్టు తప్పిన, పసుపు నన్ను ఒల్లది అంటది. నేను బతికుండంగ ఉత్త కాళ్లతోని తిరుగుతున్నది, ఎంత జెప్పిన ఇంటలేదు.”

భర్త బతికున్న ఆడది పసుపు మానేయడమంటే మా వైపు ఏమిటో చెప్పనక్కరలేదు. ఊళ్లో ఆమె ఎన్ని మాటలు పడి ఉంటుందో. వార్డులో ఆ తెల్లటి పాదాలు నా మంచం చుట్టూ తిరుగుతుంటే, నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కుట్లు లాగుతున్నా కింద కూర్చున్నాను. గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

“కాళ్లిటు వెట్టు.”

“వద్దన్న గద.”

“ఒట్టు వెట్టిచ్చింది నేను. తీసేస్తున్నది గూడ నేనే. ఇటు వెట్టత్తా, నాకు వంగరాదు.”

కుడి కాలు కాస్త ముందుకొచ్చింది. పట్టుకుని మడమ నుంచి రాయడం మొదలుపెట్టాను. పగుళ్లలోకి వేలు పెట్టి రుద్దాను. ఆమె ఏడుస్తోందని నా చేతి మీద చుక్క పడితే తెలిసింది. నేను తలెత్తలేదు.

ఆమె నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. వెలుగు పడేటట్టు మొహం వాకిలి వైపు తిప్పింది. బొటనవేలితో నా కింది రెప్ప లాగి ఒక కన్ను, తర్వాత రెండో కన్ను నిదానంగా చూసింది.

“తెల్లగున్నయ్” అంది. అప్పుడు రెండో కాలు కూడా ముందుకు పెట్టింది.